నెట్ రానప్పుడు అడుగవలసిన నాలుగు ప్రశ్నలు

నిజామాబాదు మార్కెట్ యార్డులోని అడ్తి దుకాణమునందు గాని, బోధన్ పట్టణపు మీసేవ కేంద్రమునందు గాని, శక్కర్‌నగరులో పరీక్షలకు చదువుకొను విద్యార్థి గదియందు గాని, నేడు తఱచుగా వినవచ్చు ఫిర్యాదు ఒక్కటియే: “నెట్ వస్తలేదు.” ఆ మాట వెలువడిన తోడనే ఒకరు రౌటరు స్విచ్చిని ఆర్పి మరల వేయుదురు, వేఱొకరు కంప్యూటరును ఆపి తిరిగి నడిపింతురు, ఇంకొకరు కేబుల్ ఆయనకు ఫోను చేసి, “అన్నా, జర వచ్చి చూడు” అని బతిమాలుదురు. ఈ ఉపాయములు కొన్ని వేళల ఫలించును. ఫలించినను, లోపమెచ్చట నుండెనో, ఎట్లు తొలగెనో తెలియకయే పోవును గనుక, రేపు అదే లోపము తిరిగి వచ్చినపుడు నిన్నటి అజ్ఞానముతోడనే దానిని ఎదుర్కొనవలసి వచ్చును. నెట్‌వర్కు అమరిక ఇంజనీర్లకు మాత్రమే అందెడు గహనవిద్య కాదనియు, నాలుగు ప్రశ్నలను క్రమము తప్పక అడుగ నేర్చిన సామాన్యుడు తన యంత్రపు లోపములలో అధికభాగమును తానే కనిపెట్టగలడనియు, అందులకు లినక్స్ వంటి యూనిక్స్ కుటుంబపు ఆపరేటింగ్ సిస్టములు మిక్కిలి అనుకూలములనియు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన ప్రాంతమునకు నెట్‌వర్కు విలాసవస్తువు కాదు. 2016 ఏప్రిల్ 14వ తేదీన కేంద్రప్రభుత్వము జాతీయ వ్యవసాయ మార్కెట్టును, అనగా రైతులు ఈ-నామ్ అని వ్యవహరించు దానిని, 8 రాష్ట్రములలోని 21 యార్డులతో ప్రారంభించినపుడు నిజామాబాదు యార్డు ఆ తొలి వరుసలోనే చేరినది. నాటినుండి పసుపు రాశికి వ్యాపారి పలుకు ధర కంప్యూటరు ద్వారమున నమోదగుచున్నది. పల్లెలనుండి గల్ఫు దేశములకు వలసపోయిన కొడుకుల ముఖములను తల్లిదండ్రులు వీడియో కాలులోనే చూచుకొనుచున్నారు. 1937లో నెలకొల్పబడి, ఒకప్పుడు ఆసియాఖండమునందే మిక్కిలి పెద్దదిగా పేరొందిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడిన పిమ్మట, చెఱకును, ఫ్యాక్టరీ కొలువును నమ్ముకొని బ్రదికిన కుటుంబములకు పాత తెరువులు సన్నగిల్లినవి. డిచ్‌పల్లిలో 2006లో వెలసిన తెలంగాణ విశ్వవిద్యాలయమును, 2023 ఆగస్టులో నిజామాబాదున ప్రారంభమైన ఐటీ టవరును చూచి, హైదరాబాదు పోకయే ఈ గడ్డమీద కంప్యూటరు కొలువు చేయగలమా యని యోచించు యువకులకు, నెట్‌వర్కు ఎట్లు నడచునో తెలిసికొనుట అక్షరాభ్యాసము వంటిదనుట అతిశయోక్తి కాదు.

లినక్స్ పుట్టుపూర్వోత్తరములను రెండు మాటలలో చెప్పుకొందము. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమును నిర్మింప నారంభించిరి. దాని పద్ధతినే అనుసరించుచు, ఎల్లరును స్వేచ్ఛగా వాడుకొని, మార్చుకొని, పంచుకొనదగిన వ్యవస్థ కావలెనని 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెలును, అనగా ఆపరేటింగ్ సిస్టముయొక్క మూలభాగమును, వ్రాసి లోకమునకు విడుదల చేసెను. ఈ రెంటి కలయికనుండి నేటి ఉబుంటు, డెబియన్, ఫెడోరా మొదలగునవి వచ్చినవి. మన దేశమున సీ-డాక్ సంస్థ డెబియన్ ఆధారముగా ‘బాస్’ అను సిస్టమును 2007లో వెలువరించినది. హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కార్యకర్తలు ‘స్వేచ్ఛ’ పేరిట తెలుగు తెరలతో ఒక ఆపరేటింగ్ సిస్టమును సిద్ధపఱచిరి. వెల లేకుండుటయు, పాత కంప్యూటరుమీద సైతము నడచుటయు లినక్స్ యొక్క ప్రసిద్ధ గుణములు. అంతకంటెను ముఖ్యమైన దొకటి గలదు. నేటి ఇంటర్నెట్టునకు పునాదియైన టీసీపీ-ఐపీ నియమావళిని, ఇంటర్నెట్టు పూర్వరూపమైన అర్పానెట్ 1983 జనవరి 1వ తేదీన స్వీకరించగా, అదే సంవత్సరము ఆగస్టులో బర్క్‌లీ విశ్వవిద్యాలయము విడుదల చేసిన బీఎస్‌డీ యూనిక్స్ 4.2లో ఆ నియమావళి అంతర్భాగమయ్యెను. ఇట్లు యూనిక్సును ఇంటర్నెట్టును ఒకదాని చేయి ఒకటి పట్టుకొని పెరిగినవగుటచేత, యూనిక్స్ నెట్‌వర్కును నేర్చినవాడు ఒక కంపెనీ తెరను గాక, ఇంటర్నెట్టు స్వరూపమునే నేర్చినవాడగును.

ఆ స్వరూపమును గ్రహించుటకు మన జిల్లా రైతునకు దూరము పోవలసిన పని లేదు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ రూపకల్పనలో, మంజీరా నదిమీద 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము 2,75,000 ఎకరములకు నీరందించు సంకల్పముతో వెలసినది. దాని ప్రధాన కాలువనుండి ఉపకాలువలును, ఉపకాలువనుండి తూములును, తూమునుండి పంటకాలువలును చీలి, చివరి మడి వఱకు నీటిని కొనిపోవును. చివరి ఆయకట్టు రైతు తన మడికి నీరు రానప్పుడు జలాశయపు గేట్లయొద్దకు పరుగిడడు. ముందు తన గట్టు తెగినదేమో చూచుకొనును. తరువాత పంటకాలువలో పూడిక గలదేమో, ఆపై తూము మూయబడినదేమో, అటుపిమ్మట ఉపకాలువలో నీరున్నదో లేదో విచారించును. దగ్గఱినుండి దూరమునకు పోవు ఆ విచారణక్రమమే నెట్‌వర్కు విద్యకు ప్రాణము. మిషన్ భగీరథ నీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే ఫైబరు కేబులును సైతము పఱచవలెనని టీ-ఫైబరు పథకమువారు సంకల్పించిరి గనుక, తెలంగాణ పల్లెలలో నీటిదారియు నెట్టుదారియు నిజముగనే పక్కపక్కన నడువవలసినవి.

ఇక కంప్యూటరు ముందు కూర్చుందము. ప్రతి యంత్రమును నెట్‌వర్కులో మెలగవలెనన్న నాలుగు సంగతులు దానికి తెలిసియుండవలెను. నా తీగ లేక వైఫై కలిసినదా, నాకు చిరునామా గలదా యనునది మొదటిది. నా ఇరుగుపొరుగు ఎంతవఱకు అనునది రెండవది. ఆ ఇరుగుపొరుగు దాటి బయటికి పోవలెనన్న ఏ ద్వారమున పోవలెను అనునది మూడవది. పేరు తప్ప అంకెలు తెలియని చోటిని చేరవలెనన్న ఎవరిని అడుగవలెను అనునది నాల్గవది. లినక్సులో ఈ నాల్గింటికిని సమాధానములు తెరమీద అక్షరములలో కనబడును. ఇంకొక ధైర్యవచనము ముందే చెప్పవలెను: ఈ సమాధానములను చూచుటకు వాడు కమాండులు యంత్రములో దేనినిని మార్పజాలవు. మార్పు చేయుటకు ‘సుడో’ అను అధికారమును, దానికి సంకేతపదమును కావలెను. చూచుటకు మాత్రము సామాన్య వినియోగదారుని హక్కే చాలును. కావున క్రొత్తవారు మొదటి వారమంతయు మార్పుల జోలికి పోక, చూచుటయే అభ్యసించిన మేలు.

ఉబుంటు వంటి సిస్టములలో కంట్రోల్, ఆల్ట్ మీటలతో కూడ టీ అను మీటను నొక్కినచో టెర్మినలు కిటికీ తెఱచుకొనును. అందు ఆంగ్లాక్షరములలో ఐ, పీ అని కొట్టి, ఒక ఖాళీ విడిచి, ఏ అని కొట్టి ఎంటర్ నొక్కవలెను. తెరమీద కొన్ని చిన్న ఖండికలు ప్రత్యక్షమగును. మొదటి ఖండిక పేరు ‘ఎల్ఓ’, దానికెదురుగ 127.0.0.1 అను చిరునామా యుండును. ఇది యంత్రము తనతో తాను మాటలాడుకొను మార్గము; బయటి తీగతో దీనికి సంబంధము లేదు. రెండవ ఖండిక మన నెట్‌వర్కు కార్డుది. దాని పేరు ‘ఈఎన్’ అని మొదలైనచో తీగ కార్డు. ‘డబ్ల్యూఎల్’ అని మొదలైనచో వైఫై కార్డు. ఆ వెనుక వచ్చు పీ3, ఎస్0 వంటి అక్షరసంఖ్యలు కార్డు యంత్రమునందలి ఏ స్థానమున కూర్చున్నదో తెలుపును. పూర్వము కార్డులకు కనుగొన్న వరుసలో ‘ఈత్0’, ‘ఈత్1’ అని పేర్లిచ్చెడువారు. రెండు కార్డులున్న యంత్రమును ఆపి నడిపినపుడు ఆ పేర్లు తారుమారగుచుండుటచే, 2013 మొదలుకొని స్థానమునుబట్టి స్థిరమగు పేరు పెట్టు ఆచారము వ్యాపించినది.

ఆ ఖండిక మొదటి పంక్తిలో ‘నో-క్యారియర్’ అను మాట కనబడినచో, తక్కిన విచారణ యంతయు అనవసరము. తీగ కలియలేదన్నమాట. కంప్యూటరు వెనుక తీగ దూర్చు రంధ్రమువద్ద చిన్న దీపము వెలుగుచున్నదేమో చూడవలెను. ఆర్‌జే-45 అను ఆ కొనకు గల ప్లాస్టిక్ నాలుక విఱిగినయెడల తీగ లోపలనే యున్నట్లు కనబడుచు, కాలు తగిలిన మాత్రమున జారిపోవును. మన కార్యాలయములలో బల్లల క్రింద నడచు తీగలకు ఈ గతి తఱచుగా పట్టును. ‘స్టేట్ అప్’ అని యున్నచో తీగ కలిసినది. ఇక చిరునామా చూడవచ్చును.

చిరునామా ‘ఇనెట్’ అని మొదలగు పంక్తిలో నుండును. అది 192.168.1.37 అనియు, వెంటనే ఒక ఏటవాలు గీతయు, 24 అను అంకెయు గలదిగా నున్నదనుకొందము. ఇందు నాలుగు సంఖ్యలు గలవు; ఒక్కొక్కటి 0 మొదలు 255 వఱకు నుండవచ్చును. కంప్యూటరు దృష్టిలో ఇది 32 బిట్ల ఒకే సంఖ్య. కావున ప్రపంచమున ఇట్టి చిరునామాలు మొత్తము 429 కోట్ల పైచిలుకు మాత్రమే సాధ్యము. భూగోళముమీది జనసంఖ్యకే చాలని యీ చిరునామాలను పొదుపు చేయుటకై 1996లో కొన్ని శ్రేణులను ఇంటిలోపలి వాడుకకు ప్రత్యేకించిరి: 10తో మొదలగునవి, 172.16 నుండి 172.31 వఱకు గలవి, 192.168తో మొదలగునవి. ఇవి బయటి ఇంటర్నెట్టులో చెల్లవు. అందుచేతనే బోధన్‌లోని ఒక బడియందును, ఆర్మూరులోని ఒక దుకాణమునందును ఏకకాలమున 192.168.1.37 అను యంత్రములున్నను ఒకదానితో ఒకటి తగవు పడవు. బయటికి పోవు ప్రతి సందేశముమీదను రౌటరు తన బయటి చిరునామాను వేసి పంపి, జవాబు వచ్చినపుడు ఏ యంత్రమునకు చేరవలెనో గుర్తుంచుకొని అందజేయును. ‘ఇనెట్6’ అను మఱియొక పంక్తియు కనబడవచ్చును. అది 128 బిట్ల కొత్త చిరునామా. అందు ఎఫ్ఈ80 అని మొదలగునది యంత్రము తనకు తానై కల్పించుకొన్నదే గాని, నెట్ వచ్చినదనుటకు సాక్ష్యము కాదు.

ఏటవాలు గీత వెనుక నున్న 24 మన రెండవ ప్రశ్నకు సమాధానము. 32 బిట్లలో మొదటి 24, అనగా మొదటి మూడు సంఖ్యలు, ఇరుగుపొరుగు వారందఱికిని సమానమనియు, చివరి సంఖ్య మాత్రమే యంత్రమునకు యంత్రమునకు మాఱుననియు దాని యర్థము. చివరి సంఖ్యకు 256 విలువలు సాధ్యమైనను, మొదటిది ఆ వాడకే పేరుగాను, చివరిది అందఱికి ఒక్కసారి కేకవేయుటకును నిలిచిపోవుటచే, 254 యంత్రములకు చోటు మిగులును. దీనినే 255.255.255.0 అని వ్రాయు పాత పద్ధతిని నెట్‌మాస్కు అందురు. ఈ యంకె తప్పినచో కలుగు కష్టము విచిత్రముగ నుండును: కొన్ని యంత్రములు దొరకును, కొన్ని దొరకవు, ప్రింటరు పలుకును, పక్కగది సర్వరు పలుకదు. ఇట్టి అర్ధసాఫల్యము కనబడినపుడు నెట్‌మాస్కును శంకించుట అనుభవజ్ఞుల ఆచారము.

ఈ చిరునామా ఎవరిచ్చినది? మనము వ్రాయకున్నను అది వచ్చినదన్నచో డీహెచ్‌సీపీ అను ఏర్పాటు పనిచేసినదన్నమాట. 1993లో రూపొందిన యీ నియమము ప్రకారము, యంత్రము మేల్కొనగనే “నాకు చిరునామా యిచ్చువారెవరైన గలరా?” యని వాడంతటికి వినబడునట్లు అడుగును, రౌటరు “ఇది తీసికొనుము” అని ఒక చిరునామాను చూపును, యంత్రము “అదియే నాకు కావలెను” అని కోరును, రౌటరు “నిర్ణీతమైన గడువు వఱకు అది నీది” అని ఖాయపఱచును. ఈ నాలుగు మాటలతో చిరునామాయే గాక, మాస్కు, బయటి ద్వారము, పేర్లు చెప్పువాని ఆచూకీ అన్నియు ఒక్కమాఱే లభించును. ఇనెట్ పంక్తియే లేకున్నను, 169.254తో మొదలగు చిరునామా కనబడినను, ఈ సంభాషణ జరుగలేదని నిశ్చయింపవచ్చును. లోపము మన యంత్రమునకును రౌటరునకును నడుమనే యున్నది గనుక, నెట్ కంపెనీవానికి ఫోను చేయుట అప్పటికి వ్యర్థము.

మూడవ ప్రశ్నకు ఐ, పీ అని కొట్టి, ఖాళీ విడిచి, ఆర్ కొట్టవలెను. ‘డిఫాల్ట్ వయా 192.168.1.1’ అను పంక్తి కనబడవలెను. అదియే గేట్‌వే, సాధారణముగ మన రౌటరే. సందేశము పంపునపుడు కెర్నెలు చేయు యోచన ఇంతియే: చేరవలసిన చిరునామా మొదటి మూడు సంఖ్యలు నావాటితో కలిసినచో నేరుగ ఇత్తును, కలియనిచో గేట్‌వే చేతికిత్తును. 192.168.1.50 అను ప్రింటరునకు నేరుగ పోవును. ఈ-నామ్ సర్వరునకు పోవు సందేశము గేట్‌వే చేతులమీదుగ పోవును. డిఫాల్ట్ పంక్తి లేనియెడల ఇంటిలోని యంత్రములన్నియు దొరకుచునే యుండును, బయటి ప్రపంచము మాత్రము మూసికొనిపోవును.

నాల్గవది పేర్ల సంగతి. మనుష్యులు పేర్లను గుర్తుంచుకొందురు. యంత్రములు అంకెలతో నడచును. ఒకప్పుడు నెట్‌వర్కులోని యంత్రముల పేర్లన్నియు ఒకే ఫైలులో వ్రాసి అందఱికిని పంచెడువారు. యంత్రములు పెరుగగా ఆ పద్ధతి సాగక, 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ అను వికేంద్రీకృత వ్యవస్థను రూపొందించెను; అందు పేరులోని ఒక్కొక్క భాగమునకు బాధ్యత ఒక్కొక్క సర్వరునకు పంచబడినది. పాత ఫైలు సంప్రదాయము యూనిక్సులో ‘ఈటీసీ’ అను డైరెక్టరీయందు ‘హోస్ట్స్’ అను పేరిట నేటికిని జీవించియున్నది; అదే డైరెక్టరీలో ‘రిజాల్వ్ డాట్ కాన్ఫ్’ అను ఫైలులో ‘నేమ్‌సర్వర్’ అను మాట వెనుక మనము పేర్లడుగవలసిన సర్వరు చిరునామా యుండును. ఉబుంటులో అచ్చట 127.0.0.53 అని కనబడిన క్రొత్తవారు తత్తరపడుదురు. అది యంత్రములోనే నడుచు మధ్యవర్తి చిరునామా. ఆ మధ్యవర్తి ఎవరిని అడుగుచున్నాడో ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ అను కమాండు చెప్పును. రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలును చేతితో దిద్దుట నిష్ఫలము. నెట్‌వర్కు నిర్వాహక ప్రోగ్రాము మరల తన వ్రాతనే దానిమీద వ్రాయును.

ఈ నాలుగును తెలిసిన పిమ్మట పరీక్ష చేయవలెను. అందులకు పింగ్ అను పనిముట్టు గలదు. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనాశాలలో మైక్ మూస్ దీనిని వ్రాసెను. “ఉన్నావా?” యని అడిగి, “ఉన్నాను” అను జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చినదో ఇది చూపును. లినక్సులో ఇది తనంతట ఆగదు. కంట్రోల్‌తో సీ నొక్కి ఆపవలెను. మొదట 127.0.0.1ని అడుగవలెను, పలికినచో యంత్రములోని నెట్‌వర్కు సాఫ్ట్‌వేరు క్షేమము. పిదప గేట్‌వేను అడుగవలెను. పలికినచో రౌటరు వఱకు దారి క్షేమము. ఆపై 8.8.8.8 అను గూగుల్ వారి బహిరంగ చిరునామాను అడుగవలెను. పలికినచో కంపెనీ తీగయు ఇంటర్నెట్టును క్షేమము. కడపట ఏదేని వెబ్‌సైటు పేరును అడుగవలెను. మూడవది పలికి నాల్గవది పలుకనిచో లోపము డీఎన్ఎస్‌ది; రెండవది పలికి మూడవది పలుకనిచో కంపెనీవారిని నిర్భయముగ పిలువవచ్చును. అపుడు మనము చెప్పు మాటయు “నెట్ వస్తలేదు” అని యుండదు. “రౌటరు దాక వస్తున్నది, అవతలికి పోతలేదు” అని యుండును. అట్టి మాట విన్న పనివాడు సరియైన పరికరముతో సరియైన చోటికి వచ్చును. ఒక్క జాగ్రత్త: కొన్ని సర్వర్లు భద్రతకై పింగునకు జవాబియ్యవు గనుక, ఒక్క మౌనమును చూచి తీర్పు చెప్పరాదు.

తెరమీద వచ్చు తప్పు సందేశములను చదువక కిటికీని మూయుట మన అలవాటు. అది మానవలెను; ఏలయన ఆ మాటలు లోపపు స్థానమునే చెప్పును. ‘నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్’ అన్నచో బయటికి దారియే వ్రాయబడలేదని, ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అన్నచో దారి యున్నను అవతలి యంత్రము పలుకలేదని, ‘టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్’ అన్నచో పేరు అంకెలుగా మాఱలేదని గ్రహింపవలెను.

ఇంతవఱకు చూచుటయే. మార్పు ఎప్పుడు కావలెను? బడి ల్యాబులో అందఱును వాడు ప్రింటరునకు గాని, కార్యాలయములో ఫైళ్లుంచు సర్వరునకు గాని చిరునామా దినదినము మాఱిన పని చెడును. అట్టివానికి స్థిరచిరునామా వ్రాయవలెను. క్రొత్తవారికి సుగమమైన మార్గము ‘ఎన్ఎంటీయూఐ’ అను కమాండు. అది టెర్మినలులోనే ఒక పట్టికను తెఱచును. అందు కనెక్షనును ఎన్నుకొని, ఐపీవీ4 ఎదుట ఆటోమేటిక్ అను దానిని మాన్యువల్‌గా మార్చి, చిరునామా గడిలో 192.168.1.200 అని, ఏటవాలు గీత పెట్టి 24 అని, గేట్‌వే గడిలో 192.168.1.1 అని, డీఎన్ఎస్ గడిలో రౌటరు చిరునామా లేక 8.8.8.8 అని వ్రాసి భద్రపఱచి, కనెక్షనును ఒకసారి ఆపి మరల నడుపవలెను. మన నాలుగు ప్రశ్నలే అచ్చట నాలుగు సమాధానములై కూర్చున్నవని పాఠకులు గమనింతురు. అయితే ఎన్నుకొన్న చిరునామా రౌటరు తనంతట పంచు శ్రేణికి వెలుపల నుండవలెను. లేనిచో రౌటరు అదే చిరునామాను ఇంకొక యంత్రమునకిచ్చినపుడు రెండింటికిని నెట్ వచ్చుచు పోవుచు, కారణము దొరకని చిక్కు పుట్టును.

తెర లేని సర్వరులలో ఈ వివరములు ఫైళ్లలో నుండును. ఉబుంటు సర్వరులో నెట్‌ప్లాన్ అను పద్ధతి గలదు. డెబియన్ పాత సంప్రదాయమున ‘ఇంటర్‌ఫేసెస్’ అను ఫైలున్నది. యూనిక్స్ కుటుంబమునకే చెందిన ఫ్రీబీఎస్‌డీలో ‘ఆర్‌సీ డాట్ కాన్ఫ్’ అను ఫైలును, పూర్వపు ‘ఇఫ్‌కాన్ఫిగ్’ కమాండును నేటికిని రాజ్యమేలుచున్నవి. నెట్‌ప్లాన్ ఫైలులో పంక్తి మొదట విడుచు ఖాళీలకే అర్థముండును. ట్యాబ్ మీట వాడినను, ఒక ఖాళీ హెచ్చుతగ్గులైనను ఫైలు చెల్లదు. దిద్దుటకు ముందు ఫైలునకు ఒక ప్రతి తీసియుంచవలెను. దిద్దిన పిదప ‘నెట్‌ప్లాన్ ట్రై’ అను కమాండును వాడినచో, యంత్రము కొత్త అమరికను అమలుపఱచి 120 సెకన్లు వేచియుండి, మనము ఎంటర్ నొక్కి అంగీకరింపనియెడల పాత అమరికకే మరలును. నిజామాబాదులో కూర్చుండి హైదరాబాదులోని సర్వరును దిద్దు యువకుడు తన తప్పువలన తనకే దారి మూసికొనకుండ కాపాడు ఏర్పాటిది, దీనిని మఱువరాదు. ఇంకొక నియమము: టెర్మినలులో ఐపీ కమాండుతో చేసిన మార్పు యంత్రము ఆగువఱకే నిలుచును, ఫైలులో గాని, ఎన్ఎంటీయూఐ పట్టికలో గాని వ్రాసినది మాత్రమే మఱునాడును నిలుచును. “నిన్న చేసిన, ఇయ్యాల పోయింది” అను క్రొత్తవారి ఫిర్యాదులకు పెక్కింటికి ఈ భేదము తెలియమియే మూలము.

నేను ఈ విద్యను ఇంత విస్తరించి చెప్పుటకు కారణము వాడుక సౌలభ్యము మాత్రమే కాదు. యూనిక్స్ సంప్రదాయమున యంత్రముయొక్క అమరిక సామాన్యాక్షరములలో వ్రాయబడియున్నది. దానిని చదువుటకు రుసుము లేదు, అనుమతిపత్రము లేదు, నగరమునకు పోయి శిక్షణ పొందవలసిన నిర్బంధము లేదు. ఏ విద్య ఇట్లు తెఱచియున్నదో ఆ విద్యలో జిల్లా పట్టణపు బిడ్డకును మహానగరపు బిడ్డకును నడుమ నుండు అంతరము కేవలము అభ్యాసముది మాత్రమే. ఆ యభ్యాసము మన భాషలో లభింపకపోవుటయే నేటి కొఱత. బడులలో కంప్యూటరు పాఠమనగా తెరమీద బొమ్మలు గీయుటయు, ఉత్తరములు టైపు చేయుటయు మాత్రమే కారాదు. ఎనిమిదవ తరగతి చదువు బాలికయైనను తన ల్యాబులోని యంత్రమునకు చిరునామా ఏదో, గేట్‌వే ఏదో, పేర్లు చెప్పునది ఏదో కనుగొని నోటుపుస్తకములో వ్రాయగలదు, ప్రక్కనున్న యంత్రమును పింగ్ చేసి చూడగలదు. దీనికి ఇంటర్నెట్ కనెక్షను సైతము అవసరము లేదు. రెండు పాత కంప్యూటర్లును, ఒక చిన్న రౌటరును చాలును.

ఉపాధ్యాయులు, గ్రంథాలయ నిర్వాహకులు, మీసేవ కేంద్రములు నడుపువారు తమ తమ యంత్రముల నాలుగు వివరములను నెట్ బాగుగ నడచుచున్న దినముననే ఒక కాగితముమీద వ్రాసి గోడకు అంటించియుంచవలెనని నా మనవి. ఆరోగ్యముగ నున్నపుడు యంత్రము ఎట్లున్నదో తెలిసినవాడే, చెడినపుడు ఏది మాఱినదో చెప్పగలడు. ఇంతటి స్వల్పప్రయత్నమునకు లభించు ఫలము గొప్పది: పనివానికొఱకు ఎదురుచూపు తగ్గును, అనవసరపు ఖర్చు తప్పును, అన్నిటికంటెను మిన్నగా, తాను వాడు యంత్రము తనకు తెలిసినదే యను నిబ్బరము మనుష్యునకు కలుగును. ఆ నిబ్బరము గలవారు ఊరికి పదుగురున్న చాలును. తక్కినవారికి వారే నేర్పుదురు.